పాట ముందు చేతికి వినిపిస్తుంది: మర్దనలో సంగీతం చేసే పని ఎంత?

మా చెల్లెలికి బిడ్డ పుట్టినప్పుడు నీళ్ళు పోయడానికి మధురవాడ నుంచి ఒకావిడ వచ్చేది. అరవై దాటిన మనిషి. ఇంట్లో అందరం పిన్నీ అనే పిలిచేవాళ్ళం. పీట మీద కూర్చుని, కాళ్ళు బారగా చాపుకుని, బిడ్డని వాటి మీద పడుకోబెట్టుకునేది. నువ్వుల నూనె చుక్క ఒకటి ముందు తన ముంజేతి మీద వేసుకుని వేడి చూసుకునేది. అప్పుడు మొదలయ్యేది కూనిరాగం. మాటలేమీ ఉండవు, ఒకే వరస మళ్ళీ మళ్ళీ. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ఆపేది కాదు. "వాడు వినట్లేదు కదా పిన్నీ, ఎవరికోసం పాడుతున్నావు?" అని ఒకరోజు అడిగాను. "బిడ్డ కోసం కాదమ్మా. పాట లేపోతే నా సెయ్యి తొందర పడిపోద్ది" అంది.

విశాఖలో ఇప్పుడు బీచ్ రోడ్డు హోటళ్ళ నుంచి గాజువాక సందుల దాకా స్పాలు, ఆయుర్వేద కేంద్రాలు, ఫిజియోథెరపీ క్లినిక్‌లు కనిపిస్తున్నాయి. చాలా చోట్ల ఏదో ఒక వేణునాదం వినిపిస్తూనే ఉంటుంది. ఇంకోపక్క ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి: ఫలానా హెర్ట్జ్ శబ్దం వింటే నరాలు బాగుపడతాయని, ఫలానా రాగం వింటే బీపీ తగ్గిపోతుందని. ఇవన్నీ బూటకమని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇందులో తెలిసిందేమిటో, నమ్మకమేమిటో, అమ్మకమేమిటో విడదీయడానికే ఈ వ్యాసం. ఆ పని మొదలుపెట్టాక పిన్ని అన్న మాట దగ్గరికే పదేపదే రావాల్సి వచ్చింది.

అలసిపోవడం వేరు, సేదతీరడం వేరు

స్టీల్ ప్లాంట్‌లో రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొచ్చిన మనిషిని అడగండి. ఒళ్ళు హూనమైపోయి ఉంటుంది, కళ్ళు మూతపడుతుంటాయి, కానీ నిద్ర రాదు. భుజాలు బిగిసే ఉంటాయి. ఒంట్లో ఓపిక అయిపోయినా, అప్రమత్తత ఇంకా దిగలేదన్నమాట.

ఆ అప్రమత్తతను నడిపేది మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడీ వ్యవస్థ. అందులో రెండు భాగాలు. సింపథెటిక్ భాగం గుండె వేగం పెంచి, కండరాలను సిద్ధం చేసి, మనిషిని పనికో పరుగుకో పురిగొల్పుతుంది. పారాసింపథెటిక్ భాగం గుండెను నెమ్మది చేసి, జీర్ణక్రియకీ విశ్రాంతికీ దారి ఇస్తుంది. రెండోది పైచేయి సాధించడాన్నే ఈ వ్యాసంలో సేదతీరడం అంటున్నాను. గుండెను మనం చెప్పి ఆపలేం. ఊపిరిని మాత్రం చెప్పి నెమ్మది చేసుకోగలం. ఊపిరి నెమ్మదిస్తే, ముఖ్యంగా విడిచే ఊపిరి పొడుగైతే, గుండె కూడా దాని వెనకే తగ్గుతుంది. సంగీతానికి ఒంట్లోకి దొరికే దారుల్లో బాగా తెలిసింది ఇదే.

మరో తేడా కూడా ముందే చెప్పుకోవాలి. మసాజ్ గదిలో పాట పెట్టడం సంగీత చికిత్స కాదు. సంగీత చికిత్స అంటే శిక్షణ పొందిన చికిత్సకుడు ఒక మనిషి అవసరాన్ని బట్టి పాడించడం, వాయింపించడం, వినిపించడం, ఫలితాన్ని గమనిస్తూ మార్చుకోవడం. ఆపరేషన్‌కి ముందు హెడ్‌ఫోన్ ఇచ్చి పాట వినిపించడం ఇంకోటి; అక్కడ పాటను మందులా వాడుతున్నారు. స్పాలో వినిపించేది మూడోది, పరిసరంలో ఒక భాగం. ఒకదాని మీద జరిగిన పరిశోధనను చూపించి మరోదాన్ని అమ్ముతున్నారు. గందరగోళంలో సగం అక్కడే పుడుతోంది.

లయ వెనకే నడిచే ఊపిరి

2006లో ఇటలీకి చెందిన హృద్రోగ పరిశోధకుడు లూచియానో బెర్నార్డీ, ఆయన సహచరులు 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి ఊపిరి, రక్తపోటు, గుండె వేగం కొలిచారు. అందులో ఒక భారతీయ రాగం కూడా ఉంది. లయ వేగం పెరిగితే ఊపిరీ రక్తపోటూ పెరిగాయి. ఏ శైలి సంగీతం, వినేవాళ్ళకి అది ఇష్టమా కాదా అన్నదానికన్నా వేగమే ఎక్కువ ప్రభావం చూపింది.

అదే ప్రయోగంలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇంకోటుంది. పాటల మధ్య ఎక్కడో ఒకచోట రెండు నిమిషాలు నిశ్శబ్దం పెట్టారు. ఆ రెండు నిమిషాల్లో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవ్వకముందు ఉన్నదానికంటే కూడా కిందికి దిగాయి. అంటే పాట కాసేపు మనసును పట్టి ఉంచి, వదిలినప్పుడు కూడా పనిచేసింది. కచేరీల్లో తంబుర ఒక్కటే మోగుతూ గాయకుడు ఆగిన క్షణాన్ని ఎరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి అనిపించదు.

బెర్నార్డీ బృందమే 2001లో మరో సంగతి గమనించింది. క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లో చదివినా, యోగ మంత్రాన్ని జపించినా, ఊపిరి నిమిషానికి ఇంచుమించు ఆరుసార్లకు వచ్చి నిలిచింది. మామూలుగా కూర్చుని ఉన్న పెద్దలు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. జపం చేసేవాళ్ళు ఊపిరి గురించి ఆలోచించలేదు. వాక్యం పొడుగే ఊపిరిని పొడిగించింది.

ఆదితాళంలో ఒక ముంజేయి

ఇప్పుడు చేతి సంగతి. మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలుండే చర్మంలో, నెమ్మదైన స్పర్శకు స్పందించే ఒక రకం సన్నని నాడీ తంతువులున్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయని, అదే వేగం మనుషులకు హాయిగా అనిపిస్తుందని 2009లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. సుమారు మూడు సెంటీమీటర్ల దగ్గర వాటి స్పందన బాగా ఉంటుంది. చేయి మరీ వేగంగా పోయినా, మరీ నత్తనడకన పోయినా ఆ హాయి తగ్గుతుంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా 24 సెంటీమీటర్లు అనుకుందాం. సెకనుకు మూడు సెంటీమీటర్లు అంటే ఆ దూరానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. నిమిషానికి 60 దెబ్బలు పడే పాటలో దెబ్బకో సెకను. అప్పుడు ఎనిమిది సెకన్లు అంటే ఎనిమిది దెబ్బలు, అంటే సరిగ్గా ఒక ఆదితాళం ఆవర్తనం, తాళం ఒక చుట్టు. పాట ఇలా విళంబంగా, అంటే నెమ్మదిగా సాగుతుంటే, ఆవర్తనానికి ఒకసారి చెయ్యి మణికట్టు నుంచి మోచేతికి చేరుతుంది. తాళం వేయడం రానివాళ్ళ చెయ్యి కూడా చాలాసార్లు ఆ వరసలో పడిపోతుంది.

అదే గదిలో నిమిషానికి 120 దెబ్బలు పడే హుషారు పాట మోగుతోందనుకోండి. ఎనిమిది దెబ్బలకు నాలుగు సెకన్లే. చెయ్యి సెకనుకు ఆరు సెంటీమీటర్లకు పెరిగింది. ఇంకా హాయి హద్దులోనే ఉంది. కానీ హుషారు పాటకు ఎనిమిది దెబ్బలదాకా ఆగే చెయ్యి అరుదు, నాలుగు దెబ్బలకే మోచేతికి చేరిపోతుంది. అప్పుడు వేగం సెకనుకు 12 సెంటీమీటర్లు, హద్దు దాటిపోయింది. ఇది కాగితం మీద లెక్క. ప్రతి చెయ్యీ పాటకు కట్టుబడి నడుస్తుందని రుజువు కాదు. కానీ పిన్ని ఏ లెక్కా రాకుండా ఎందుకు కూనిరాగం తీసేదో దీనితో నాకు అర్థమైంది.

ఈ లెక్క నిమరడానికే వర్తిస్తుంది. మర్దనలో పిసకడం ఉంటుంది, బొటనవేలితో నొక్కి పట్టడం ఉంటుంది, తట్టడం ఉంటుంది. గట్టిగా నొక్కినప్పుడు పనిచేసేవి వేరే నాడులు. తట్టడానికైతే వేగమైన లయే బాగుంటుంది. సెలూన్లో తల మాలీషు చేసేవాళ్ళ వేళ్ళు టకటకా ఒక దరువు వాయిస్తాయి, కస్టమర్ మొహంలో హాయికేం లోటుండదు.

మర్దనకీ పాటకీ చుట్టరికం మనకు స్పాలతో రాలేదు. పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేటప్పుడు పాడడానికే ప్రత్యేకంగా నలుగు పాటలున్నాయి. పెళ్ళికూతురికి పసుపు, సున్నిపిండి, నూనె పట్టించేవాళ్ళే ఆ పాటలు పాడతారు. పాడే నోరూ రుద్దే చెయ్యీ ఒక మనిషివే కావడం అక్కడి విశేషం. రికార్డు చేసిన పాట వచ్చాక ఆ రెండూ విడిపోయాయి.

నెమ్మదైన పాటా, ఇష్టమైన పాటా?

ఇక్కడ అభిప్రాయాలు నిజంగానే రెండుగా చీలుతాయి. బెర్నార్డీ ప్రయోగం చూస్తే వేగమే ముఖ్యం, ఇష్టాయిష్టాలు తరవాత. 2006లోనే స్కాట్లాండ్‌లో మిచెల్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు మరో మార్గంలో వెళ్ళారు. మనుషుల చేతుల్ని బాగా చల్లని నీళ్ళలో పెట్టించి, ఎంతసేపు ఓర్చుకోగలరో చూశారు. విశ్రాంతి కోసం తయారైన సంగీతం కన్నా, ఎవరికి వాళ్ళు తెచ్చుకున్న ఇష్టమైన పాట వింటున్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. తమ పాట తాము ఎంచుకున్నప్పుడు పరిస్థితి తమ చేతిలో ఉందన్న ధీమా కూడా పెరిగింది.

రెండూ ఒకదానికొకటి విరుద్ధంలా కనిపిస్తాయి కానీ కొలిచింది ఒకటే కాదు. ఒకరు కొలిచింది ఊపిరిని, ఇంకొకరు కొలిచింది ఓర్పుని. పట్టేసిన కండరాన్ని నొక్కి విడిపించేటప్పుడు నొప్పి ఉంటుంది. అక్కడ ఇష్టమైన పాట తోడుగా ఉండొచ్చు. నిద్రకు దగ్గరగా తీసుకెళ్ళాల్సిన చోట అదే పాట అడ్డం రావచ్చు. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2011లో చూపించినట్టు, ఇష్టమైన సంగీతం ఒళ్ళు జలదరించే స్థాయికి చేరినప్పుడు మెదడులో ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది ఆనందమే. కానీ ఒళ్ళు జలదరించడం సేదతీరడం కాదు, దాదాపు దానికి ఎదురు.

తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. మన చెవికి పాట అంటే చాలావరకు సినిమా పాట, అందులో సాహిత్యం ఉంటుంది. పల్లవి వినబడగానే మనసు చరణం దాకా పరిగెడుతుంది. నా అనుభవమే చెబుతాను. రెండేళ్ళ కిందట మెడ పట్టేసి నగరంలో ఒక మసాజ్ సెంటర్‌కి కొన్ని వారాలు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి "ఏం పాటలు పెట్టమంటారు మేడమ్?" అని అడిగింది. పాత పాటలు పెట్టమన్నాను. నాలుగోది మా నాన్న గడ్డం గీసుకుంటూ పాడుకునే పాట. ఆయన పోయి అప్పటికి ఏడాది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. వినాలనే అనిపించింది, ఆపమనలేదు. కానీ ఆ ఐదు నిమిషాలూ నా భుజం రాయిలా అయిపోయిందని ఆ అమ్మాయే తరవాత చెప్పింది. ఆ పాట నాకు అవసరమే, మెడకి మాత్రం కాదు.

మొదటిసారి జరిగింది ఇంకో రకం. ఫోన్‌లో యూట్యూబ్ నుంచి వేణువు పెట్టారు. మెడ కింద బిగుసుకున్న చోట వేలు సరిగ్గా పట్టు చిక్కించుకున్న సమయానికి వేణువు ఆగి, ప్లాట్ల ప్రకటన ఒకటి గదంతా అరిచింది. నేను ఉలిక్కిపడ్డాను. నాకన్నా ఎక్కువగా ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. చెయ్యి తుడుచుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తి, సారీ చెప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. మిగిలిన పావుగంట వేణువు సజావుగానే మోగింది కానీ ఆ చేతుల్లో ముందున్న నిదానం మళ్ళీ రాలేదు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకు గుర్తులేదు, ఆ చేతుల తొందర మాత్రం గుర్తుంది.

ఆర్కే బీచ్ హోరు, పాటలేని గది

సంగీతం అసలు అవసరమా అని అడిగేవాళ్ళ వాదనలోనూ బలం ఉంది. 2013లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 60 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టారు. పరీక్షకు ముందు కొందరికి ప్రశాంతమైన సంగీతం, కొందరికి నీళ్ళ గలగల వినిపించారు, కొందరిని ఏమీ వినిపించకుండా ఊరికే ఉంచారు. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ తక్కువగా పెరిగింది నీళ్ళ శబ్దం విన్నవాళ్ళలో. సంగీతం విన్నవాళ్ళలోనే ఎక్కువ పెరిగింది. పరీక్ష అయ్యాక నాడీ వ్యవస్థ త్వరగా తేరుకున్నది మాత్రం సంగీతం విన్నవాళ్ళలో. ఒకే ప్రయోగంలో రెండు కొలతలు రెండు వైపులు చూపించాయి. సంగీతం ఒత్తిడిని తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాకపోవడానికి ఇదొక కారణం.

విశాఖలో ఉండేవాళ్ళకి ఆ నీళ్ళ శబ్దం ఉచితంగా దొరుకుతుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో బళ్ళ రొద లేని వేళ కూర్చుని కెరటాలు లెక్కపెట్టాను. ఒకటి విరిగి, నురగై, వెనక్కి జారి, తరవాతది విరగడానికి చాలాసార్లు ఎనిమిది, పది సెకన్లు పట్టింది. ఆ ఆదితాళం లెక్కకు ఎంత దగ్గరో చూడండి. కానీ కెరటం తాళం కాదు. ఒకటి ఆరు సెకన్లకే వస్తుంది, ఇంకోటి పన్నెండు తీసుకుంటుంది. తరవాత ఏమొస్తుందో మనసు ఊహించుకోవాల్సిన పని లేదు. పల్లవి లేదు, జ్ఞాపకం లేదు. పైగా ఆ హోరు పక్కింటి కుక్కర్ విజిల్‌నీ, రోడ్డు మీద హారన్‌నీ కప్పేస్తుంది. స్పాలో సంగీతం చేసే పనిలో పెద్ద భాగం ఈ కప్పడమే అని వాదించేవాళ్ళతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. జగదాంబ జంక్షన్ దగ్గర గదిలో సంగీతం తీసేస్తే మిగిలేది నిశ్శబ్దం కాదు, ట్రాఫిక్.

432 హెర్ట్జ్, బీపీ తగ్గించే రాగం

హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అని. పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకోవడానికి ఒక స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకోవాలని 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో ఒప్పుకున్నారు. అది 432 ఉండాలని, అదే ప్రకృతి సహజమని ప్రచారం. రెంటికీ తేడా అర్ధస్వరంలో మూడో వంతు కూడా లేదు. 2019లో ఇటలీలో 33 మందితో చేసిన చిన్న ప్రయోగంలో 432తో గుండె వేగం కొద్దిగా తగ్గింది. చిన్న ప్రయోగం చిన్న ఆధారమే. దాని మీద నరాలు, కణాలు బాగుపడతాయన్న మేడలు కట్టలేం.

మన సంగీతం తెలిసినవాళ్ళకి ఈ చర్చే వింతగా ఉంటుంది. కర్ణాటక సంగీతంలో షడ్జమానికి, అంటే ఆధార స్వరమైన 'స'కి, స్థిరమైన హెర్ట్జ్ లేదు. మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఎవరి గొంతు వారి షడ్జమం. పక్కనే ఉన్న విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల నుంచి ఎన్నో తరాల గాయకులు వచ్చారు. వాళ్ళందరూ తలో శ్రుతిలో పాడినా విన్నవాళ్ళ మనసు కుదుటపడింది.

రాగాల సంగతి కొంచెం సున్నితం. నీలాంబరిని నిద్రపుచ్చే రాగంగా, లాలిపాటల రాగంగా పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ నీలాంబరిని మనం ఎప్పుడూ నెమ్మదిగానే, మెల్లని గొంతుతోనే, ఊయల పక్కనే వింటూ వచ్చాం. నిద్ర తెప్పిస్తున్నది రాగమా, విళంబ కాలమా, అమ్మ గొంతా? ఫలానా రాగం ఫలానా జబ్బుకి అన్న పట్టికలు ఈ మూడింటినీ విడదీయకుండానే రాసినవి. వాటిని నమ్మి బీపీ మాత్ర మానేసేవాళ్ళుంటారన్నదే నా భయం.

ఏది పనిచేసిందో ఎలా చెప్పడం?

ఆసుపత్రుల్లో సంగీతానికి ఆధారం గట్టిగానే ఉంది. ఆపరేషన్‌కి ముందు ఆందోళన మీద 26 ప్రయోగాల్ని, రెండు వేలకు పైగా రోగుల్ని కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ (వైద్య ఆధారాల్ని సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, సంగీతం ఆందోళన తగ్గిస్తుందని తేల్చింది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 73 ప్రయోగాల్ని చూసింది. ఆపరేషన్ తరవాత నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయి. మర్దన వైపు చూస్తే, 2004లో 37 అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్షలో ఒక్కసారి మర్దనతోనే అప్పటి ఆందోళన, రక్తపోటు, గుండె వేగం తగ్గాయి. మర్దన కార్టిసాల్‌ని బాగా తగ్గిస్తుందన్న ప్రచారం మాత్రం నిలబడలేదు. 2011 నాటి లెక్కల్లో ఆ ప్రభావం చాలా స్వల్పమని తేలింది.

రెండూ కలిపితే? చిక్కు అక్కడే. 2007లో ఆస్ట్రేలియాలో అత్యవసర విభాగం నర్సులకు సుగంధ తైలంతో, సంగీతంతో పావుగంట మర్దన ఇచ్చి చూశారు. ఆందోళన తగ్గింది. తగ్గించింది నూనె వాసనా, పాటా, చెయ్యా, లేక డ్యూటీ మధ్యలో పావుగంట కూర్చోనివ్వడమా? అది ఆ పద్ధతిలో తేలదు. విడదీయాలంటే ఒక గుంపుకి మర్దన మాత్రమే, ఒక గుంపుకి పాట మాత్రమే, ఒక గుంపుకి రెండూ, ఇంకో గుంపుకి ఊరికే విశ్రాంతి ఇవ్వాలి. నేనైతే ఐదో గుంపు కూడా చేరుస్తాను: పాట మర్దన చేసే మనిషి చెవిలో మాత్రమే మోగాలి, పడుకున్న మనిషికి వినపడకూడదు.

మొన్న ఇంట్లో దాన్నే చేసి చూశాను. ప్రయోగం అనడానికి లేదు, ఒకే మనిషి, రెండు సాయంత్రాలు. అమ్మ ముంజేతులకు నూనె రాస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఫోన్ వచ్చిందేమో అనుకుంది, అడగలేదు. మొదటి రోజు విళంబంగా వీణ. అమ్మ కళ్ళు మూసుకుంది, కాసేపటికి రెండో చెయ్యి తనే అందించింది. రెండో రోజు హుషారైన పాట. నాకు తెలిసి చెయ్యి ఒకేలా కదిపాను, అదే నూనె, అదే మంచం. రెండు నిమిషాలయ్యేసరికి అమ్మ కళ్ళు తెరిచి, "పనుంటే వెళ్ళవే, రేపు రాద్దువు గానీ" అంది.